వేలిముద్ర పడకపోతే?

ఈ సంచిక ముఖచిత్ర కథనం ఆధార్. విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి 2012లో దానిపై వేసిన కేసులోనే, గోప్యత ప్రాథమిక హక్కని 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తేల్చింది. మరుసటి ఏడు సుప్రీంకోర్టు ఆధార్‌ను 4–1తో నిలబెట్టింది; బ్యాంకు ఖాతాకు, సిమ్ కార్డుకు తప్పనిసరి కాదంది. ద్రవ్యబిల్లుగా ఆధార్ చట్టం తేవడమే రాజ్యాంగ విరుద్ధమన్న జస్టిస్ చంద్రచూడ్ అసమ్మతి తీర్పే సరైనదని నా నమ్మకం.

కోర్టు ఏమన్నా, హోటల్ గది కావాలన్నా ఆధార్ జిరాక్స్ అడుగుతూనే ఉన్నారు. ఆ కాగితం తర్వాత ఎవరి చేతిలో పడుతుందో చెప్పేవారుండరు.

అంతకన్నా బాధించేది రేషన్ షాపు. బీడీలు చుట్టి చుట్టి వేళ్లు అరిగిన ముసలమ్మ మిషన్ మీద ఎన్నిసార్లు నొక్కినా ముద్ర పడదు. వెనక క్యూ విసుక్కుంటుంది, ఆమె ఖాళీ సంచీ మడుచుకుంటుంది. ఆమె బియ్యం ఆపే హక్కు ఏ మిషన్‌కూ లేదు. అలాంటప్పుడు ఎవరిని నిలదీయాలో లోపలి పేజీల్లో రాశాం.