బొమ్మలేసేవాడికి చరిత్ర ఏటికి అంటే ఎలాగన్నా?



మొన్న మన గ్రూపులో ఒక అన్న రాశాడు. ఫైన్ ఆర్ట్స్ చదివే మన పిల్లలకి చరిత్ర, తెలుగు, సోషియాలజీ పేపర్లు ఏటికి, చెయ్యి తిరిగితే చాలదా అని. లైకులు బాగానే పడ్డాయి. నేనూ బొమ్మలు నేర్చుకుంటున్నోడినే. అన్న మీద కోపం లేదు గానీ ఆ మాట మీద ఉంది.

అనకాపల్లి పక్కన బొజ్జన్నకొండ మీలో చాలామంది చూసే ఉంటారు. కొండ తొలిచి చేసిన బౌద్ధ గుహలు, బుద్ధుడి విగ్రహాలు. అక్కడ బొజ్జలా ఉన్న ఒక రాయిని రాక్షసుడనుకుని ఏటా కనుమ నాడు జనం రాళ్లతో కొట్టేవారు. ఇంటాక్ వాళ్లు పూనుకుంటే గానీ ఆగలేదు. తాము కొడుతున్నది ఏటో చెప్పేవాళ్లు లేకపోతే అలాగే ఉంటాది.

సవరల గోడబొమ్మల సంగతి చూడండి. అవి అలంకారం కోసం వేసినవి కావు. చనిపోయిన పెద్దల కోసం, జబ్బు నయం కావాలని, పంట బాగుండాలని వేసేవి. ఒరిస్సా సవరల దగ్గర తిరిగి ఆ బొమ్మల అర్థాలు రాసుకుని 1955లో పుస్తకం వేసింది వెరియర్ ఎల్విన్. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లీషు సాహిత్యం, మతశాస్త్రం చదివాడు. బొమ్మ మనోళ్లది, దాని గురించి మాట ఆయనది. రాసినందుకు ఆయనకి దండం. కానీ ఇప్పటికీ రాసేది వేరేవాళ్లేనా? అవే బొమ్మలు ఇప్పుడు చీరల మీద డిజైన్లు. కొన్నవాడికి అర్థం తెలీదు సరే, వేసిన మన కుర్రాడికీ తెలీకపోతే?

'ముందు కూడు చూసుకోవాలి కదా' అంటారు. మా అమ్మా అదే అంటాది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కినోడిని నేనే మొదటివాడిని, ఆ భయం నాకు తెలుసు. అయితే చేతిపని ఒక్కటే వచ్చినోడికి బొమ్మకింతని కూలి కడతారు. ఆ బొమ్మ గురించి రాసి, మాట్లాడి, పాఠం చెప్పగలిగినోడిని అలా కూలి కట్టి పంపెయ్యడం కష్టం.

ఇంకోటి. మన చీడికాడ కొండ ఊళ్లు షెడ్యూల్డ్ ఏరియాలో లేవని, అందుకే 1/70 చట్టం మన భూములకి కాపలా కాయదని నాకు డ్రాయింగ్ క్లాసులో ఎవరూ చెప్పలేదు. పాలిటిక్స్ పేపరు చదువుతుంటే తెలిసింది. అంతకుముందు మా కొండ గీస్తే జీడిమామిడి తోట, గెడ్డ, సూర్యుడు. ఇప్పుడు అదే తోటలో సర్వే రాయి కూడా గీస్తున్నాను.

ఆ పేపర్లన్నీ గొప్పగా చెప్తున్నారని నేననను. గైడు చదివించి పాస్ చేయించేస్తున్నారు. దాని మీద కొట్లాడదాం, పేపరే వద్దనకండి.

చరిత్ర, తెలుగు ఎమ్మే చేసిన అన్నలు, అక్కలు ఆదివారం ఒక్క గంట మా హాస్టలుకి రాగలరా? మధ్యాహ్నం భోజనాలయ్యాక ఖాళీగానే ఉంటాం. వచ్చేవాళ్లు కింద పేరు పెట్టండి.