నీళ్లలో మునిగే దూది

శివరాత్రి సంచికకు దూది ముఖచిత్రమేమిటని మా ఆఫీసులోనే నవ్వారు. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభలు కట్టే ఊళ్లలో పత్తి పండించే ఊళ్లు చాలానే ఉన్నాయి మరి!

చేలో తీసిన పత్తిని నీళ్లలో వేస్తే తేలుతుంది. పోగు మీదుండే మైనమే అందుకు కారణం. కాస్టిక్ సోడాలో ఉడికించి, బ్లీచ్ చేసి, కడిగి ఆరబెట్టిన సర్జికల్ దూది 10 సెకన్లలోపు మునిగితేనే పరీక్ష గట్టెక్కినట్టు. 1880లో బర్మింగ్‌హామ్ సర్జన్ జోసెఫ్ సాంప్సన్ గామ్‌జీ ఇలాంటి దూదిని గాజుగుడ్డ పొరల మధ్య పెట్టి గాయాలకు కట్టు తయారుచేశాడు. గింజకు అంటుకుని మిగిలే నూగు నుంచి తీసిన సెల్యులోజ్‌తో ఒకప్పుడు డయాలసిస్ పొరలూ చేశారు. నూనె మిల్లు దగ్గర ఆ నూగును చూసి ఇంత ఊహించగలమా?

కోయంబత్తూరు అరుణాచలం మురుగనాథం కథ తిరగబడ్డ కథ. భార్య కోసం పత్తితో చేసిన శానిటరీ ప్యాడ్లు పనికిరాలేదు. కంపెనీల ప్యాడ్లలో ఉన్నది కలపగుజ్జు సెల్యులోజ్ అని తెలుసుకోవడానికే ఆయనకు ఏళ్లు పట్టింది. ఆ గుజ్జును దూదిలా విడగొట్టి, అచ్చులో నొక్కి, అతినీలలోహిత కాంతితో శుద్ధిచేసే చిన్న యంత్రాలు ఆయనే రూపొందించాడు. 2016లో పద్మశ్రీ వచ్చింది. నాకు నచ్చేది పురస్కారం కాదు, యంత్రాన్ని పెద్ద కంపెనీకి అమ్ముకోకుండా మహిళా సంఘాలకు ఇవ్వడం.

జిన్నింగ్ మిల్లు దాటిన మన పత్తి ఎక్కడెక్కడికి పోతుందో లోపలి పేజీల్లో చదవండి.