ఒక్కటే చిట్టా

సోమరి మాటను ఎవరును నమ్మరు. కనుక వానివలన కలుగు నష్టము స్వల్పము. మంచివాడే యైనను మరపు గలవాని మాటను నమ్మి ఎదురుచూచువారు పలువురుందురు. నష్టమంతయు వారిదే.

ఒక ఉపాధ్యాయుని సంగతి చూడుడు. దిద్దవలసిన పత్రముల లెక్క పాఠ్యపుస్తకపు అట్టమీద నుండును. మిత్రునకు తెచ్చి యీయవలసిన గ్రంథము పేరు జేబులోని చీటిపై నుండును. పరీక్షల తేదీలు కొన్ని గోడమీది క్యాలెండరులోను, కొన్ని సెల్‌ఫోనులోను ఉండును. ఒక బీదవిద్యార్థి ఉపకారవేతనపు దరఖాస్తుకు ధ్రువపత్రము వ్రాసి యిత్తునన్న మాట మాత్రము ఎందునను ఉండదు. గడువు దాటిన మరునాడు అది జ్ఞప్తికి వచ్చును. ఆ బాలుడు నష్టపోయినది గురువునకు దయ లేకపోవుటచే గాదు. ఆ దయ ఒక పుటకెక్కకపోవుటచే.

మన పాత వర్తకులు ఈ మర్మము నెరిగినవారు. ఏనాటి జమయైనను, ఖర్చైనను జరిగినది జరిగినట్లు మొదట చిట్టాకెక్కును. పిమ్మట పద్దుల వారీగా ఆవర్జాలో చేరును. రెండు చిట్టాలు వ్రాయు వర్తకుని లోకము శంకించును. నాలుగు చీటీలపై తన కర్తవ్యమును వ్రాసికొనువాడు తన్ను తానే వంచించుకొనుచున్నాడు. ఏ చీటికా చీటి చూచినచో పని కొంచెముగనే తోచును. అన్నియు ఒక్కచోట చేరిననే గాని, ఇచ్చిన మాటలెన్నో, ఉన్న గంటలెన్నో తేటపడదు. ఆశయమును ఆవర్జాలోని పద్దు వంటిదే. దాని క్రింద ఈ వారము చేయవలసిన పని ఒక్కటియు లేనిచో అది ఖాళీ పద్దే.

అష్టావధాని చేత చీటి యుండదు గదా యని ఒక ఆక్షేపము కలదు. నిజమే. కాని అవధానికి పృచ్ఛకులు ఎనమండుగురే. సభ ముగియగనే వారు సెలవు తీసికొందురు. సంసారికి పృచ్ఛకుల లెక్క లేదు. వారిలోను అప్రస్తుతప్రసంగులే అధికము. ధారణను పద్యమునకును పాఠమునకును దాచుకొని, తేదీలను కాగితమునకు వదలుట ధారణకు అవమానము గాదు, ఉపకారము.

అయినను చిట్టా వ్రాయుటయే పని చేయుట కాదు. అమెరికాకు చెందిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ (1706–1790) 13 సుగుణములను ఒక చిన్న పుస్తకమున వ్రాసి, వారమునకొక దానిపై ప్రత్యేకముగా దృష్టి నిలిపి, తప్పినప్పుడెల్ల నల్లని చుక్క పెట్టుకొనెడివాడు. చుక్కలను చెరిపి చెరిపి కాగితము చిల్లులు పడగా, ఆ పట్టికను దంతపు రేకులపైకి మార్చెను. ఆ గుణములలో ఆయనను మిక్కిలి బాధించినది ‘క్రమము’ అనునదే. అది తనకు పూర్తిగా అలవడలేదని ఆత్మకథలో ఒప్పుకొనెను. ప్రయత్నముచే మేలు పొందితిననియు చెప్పెను. చిట్టా పరిపూర్ణులకు గాదు. తమ తప్పులను చూచికొను ధైర్యము గలవారికి.

విద్యార్థికైనను, ఉపాధ్యాయునికైనను ఒక్క నోటుపుస్తకము చాలును. సెల్‌ఫోనైనను దోషము లేదు, ఒక్కటే యుండవలెను. మాట యిచ్చిన క్షణముననే అందు వ్రాయవలెను. రాత్రి పరుండుటకు ముందు చదువవలెను. చేయజాలని పనిని కొట్టివేయవచ్చును. కాని అంతకు ముందే, ఆ పనికై ఎదురుచూచుచున్నవానికి ఆ సంగతి చెప్పవలెను. గడువు దాటకముందు ‘కాదు’ అను మాట విన్నచో, ఆ బీదవిద్యార్థి మరియొక గురువు నాశ్రయింపగలడు.