మూడు నెలల లెక్క

వార్షిక వైద్య పరీక్షల తేదీలు నోటీసు బోర్డుపై కనిపించగానే మన క్యాంటీనులో ఒక చిత్రమైన మార్పు వస్తుంది. టీలో చక్కెర వద్దనేవారు పెరుగుతారు. సాయంత్రం టౌన్‌షిప్పు రోడ్లపై నడిచేవారి సంఖ్య రెట్టింపవుతుంది. పరీక్ష ముగిసిన మరునాటికి అంతా యథాస్థితికి చేరుకుంటుంది. ఈ వరుసలో మేమూ కొన్నేళ్లు నిలబడ్డవారమే గనుక ఎవరినీ ఎత్తిపొడవడానికి ఈ మాట చెప్పడం లేదు.

కొన్నేళ్ల క్రితం అలాగే వారం రోజులు రాత్రి అన్నం మాని, రెండు పుల్కాలతో సరిపెట్టుకుని, పరగడుపున రక్తమిచ్చి వచ్చాము. డెసిలీటరుకు 118 మిల్లీగ్రాముల గ్లూకోజు ఉన్నదన్నారు. మధుమేహమని నిర్ధారించే హద్దు 126. గట్టెక్కామని సంతోషించేలోగా వైద్యాధికారి మరొక కాగితం ముందుకు జరిపారు. ఆ ఏడు కొత్తగా చేర్చిన గ్లైకేటెడ్ హిమోగ్లోబిన్ పరీక్ష ఫలితమది. 7.6 శాతం. "మొదటి కాగితం మీ నిన్నటి రాత్రి భోజనం సంగతి చెబుతున్నది. ఇది మూడు నెలల సంగతి చెబుతున్నది" అన్నారాయన.

వైద్యులు హెచ్‌బిఎ1సి అని వ్రాసేది ఈ పరీక్షనే. కంట్రోలు రూములో పనిచేసినవారికి దీనిని బోధపరచడం సులభం. వోల్టు మీటరు ఆ క్షణంలోని వోల్టేజీని మాత్రమే చూపుతుంది. ఇంటి గోడకున్న ఎనర్జీ మీటరు నెలంతా వాడిన విద్యుత్తును కూడబెట్టి చూపుతుంది. రీడింగు తీసే మనిషి వచ్చే పూట దీపాలన్నీ ఆర్పి కూర్చున్నంత మాత్రాన బిల్లు తగ్గదు. మేము ఆ వారం రోజులూ చేసిన పని సరిగ్గా అదే.

శరీరంలో ఎనర్జీ మీటరు పని చేసేది ఎర్ర రక్తకణం. దానిలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువును మోస్తుందని పాఠశాలలో చదువుకున్నాము. ఆ హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసు చివరనున్న వాలీన్ అనే అమైనో ఆమ్లానికి రక్తంలోని గ్లూకోజు అంటుకుంటుంది. దీనికి ఏ ఎంజైము సహాయమూ అక్కరలేదు. గ్లూకోజు ఎంత ఎక్కువగా ఉంటే అంత ఎక్కువగా అంటుకుంటుంది. తొలుత ఆ బంధం ఊడివచ్చేదే గాని, క్రమంగా స్థిరపడిపోతుంది. ఆపైన ఆ కణం ఉన్నంతకాలం పోదు. ఎర్రకణం ఆయుర్దాయం సుమారు 120 రోజులు. ఏ రోజు రక్తం తీసినా అందులో నిన్న పుట్టిన కణాలూ, నాలుగు నెలల ముసలి కణాలూ కలిసే ఉంటాయి. అందుచేత వచ్చే ఫలితం సరాసరి అవుతుంది. అయితే అన్ని రోజులకూ సమాన వాటా ఇచ్చే సరాసరి కాదు. గడచిన నెల రోజులకే దాదాపు సగం వాటా, మిగిలిన సగం అంతకు ముందరి నెలలది.

శాతాన్ని మనకు అలవాటైన మిల్లీగ్రాములలోకి మార్చడానికి 2008లో వెలువడిన ఒక సూత్రం ఉంది. శాతాన్ని 28.7తో గుణించి, అందులోనుంచి 46.7 తీసివేయాలి. మా 7.6 శాతానికి లెక్క కడితే 171 వచ్చింది. అంటే పరగడుపున 118 చూపిన మనిషి రక్తంలో రాత్రింబగళ్ల సరాసరి గ్లూకోజు 171! భోజనాల తరువాత ఎంత ఎగబాకితే ఆ సరాసరి వస్తుందో ఇంజనీరుకు వేరే చెప్పనక్కరలేదు. 6 శాతానికి 126, 7 శాతానికి 154, 9 శాతానికి 212 వస్తాయి.

మధుమేహ రోగుల రక్తంలో ఈ రకం హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉన్నదని 1968లో టెహరానులో శామ్యూల్ రహ్‌బర్ అనే శాస్త్రజ్ఞుడు గమనించారు. దాని విలువ లోకానికి తెలియడానికి మరో పాతికేళ్లు పట్టింది. ఇన్సులిన్‌పై ఆధారపడే 1,441 మందిని అమెరికా, కెనడాలలో సగటున ఆరున్నర ఏళ్లు పరిశీలించి 1993లో ఫలితాలు ప్రకటించారు. ఈ సంఖ్య 9 శాతం దగ్గర ఉన్నవారితో పోలిస్తే 7 దగ్గరకు తెచ్చుకున్నవారిలో కొత్తగా కంటి రెటీనా దెబ్బతినే ప్రమాదం 76 శాతం తగ్గింది. ఇక్కడ మరొక సంగతి విస్మరించరాదు. అదే వర్గంలో గ్లూకోజు ప్రమాదకరంగా పడిపోయి ఇతరుల సహాయం కావలసివచ్చిన సందర్భాలు సుమారు మూడు రెట్లయ్యాయి. అందుకే సామాన్యంగా 7 శాతం లక్ష్యమని చెప్పినా, వృద్ధుల విషయంలో వైద్యులు కొంత సడలిస్తారు. రోగనిర్ధారణకు 6.5 శాతం హద్దును అమెరికా మధుమేహ సంఘం 2010లోను, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోను అంగీకరించాయి.

ఇంత మంచి మీటరుకూ లోపాలున్నాయి. అది మా ఇంటిలోనే తెలిసింది. మా ఫలితం చూసి భయపడి మా శ్రీమతికి కూడా పరీక్ష చేయించాము. 6.5 వచ్చింది. ఇద్దరమూ ఒకే గాటికి వచ్చామని ఆ రాత్రి ఆమె అన్నం ముందు కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకున్నది. వైద్యాధికారి మాత్రం మందు వ్రాయలేదు. పరగడుపున 92, భోజనం తరువాత రెండు గంటలకు 124 ఉన్నాయే, ఈ మూడింటికీ పొంతన కుదరలేదే అన్నారు. రక్తం మొత్తంగా పరీక్షిస్తే హిమోగ్లోబినే 8.9 గ్రాములు. ఇనుము లోపించి వచ్చిన రక్తహీనత అది. అటువంటివారిలో చక్కెర ప్రమేయం లేకుండానే ఈ శాతం పైకి జరుగుతుంది. కొన్ని నెలలు ఇనుము మాత్రలు వాడిన తరువాత ఆమెది 5.8కి వచ్చింది. ఏళ్ల తరబడి ఆయాసాన్ని వయసు మీదకు నెట్టిన మా నిర్లక్ష్యం కూడా ఆ కాగితంతోనే బయటపడింది.

దీనికి విరుద్ధంగా కూడా జరుగుతుంది. రక్తస్రావమైనా, ఎర్రకణాలు త్వరగా నశించే జబ్బున్నా కణాల సగటు వయసు తగ్గి, చక్కెర అంటుకునే వ్యవధి చాలక, ఫలితం ఉన్నదానికన్నా తక్కువగా వస్తుంది. ఇటీవల రక్తం ఎక్కించుకున్నవారిలోను, గర్భిణులలోను, సికిల్ సెల్, తలసీమియా వంటి వంశపారంపర్య లోపాలున్నవారిలోను ఒక్క ఈ సంఖ్యనే నమ్ముకోరాదు. వారికి రెండు మూడు వారాల లెక్క చెప్పే ఫ్రక్టోజమైన్ పరీక్ష వంటివి ఉన్నాయి. పైగా సరాసరి సరాసరే. రోజంతా 150 దగ్గర నిలకడగా ఉన్నవారికీ, 60కీ 300కీ మధ్య ఊగిసలాడేవారికీ ఒకే శాతం రావచ్చును. కనుక ఇంటిలోని గ్లూకోమీటరును అటకెక్కించనక్కరలేదు.

ఈ పరీక్షకు పరగడుపున ఉండవలసిన పని లేదు. మందు మార్చినప్పుడు మూడు నెలలకొకసారి, అదుపులో ఉన్నప్పుడు ఏడాదికి రెండుసార్లు చాలును. వీలైనంతవరకు ఒకే ల్యాబులో చేయించుకుంటే పాత ఫలితంతో పోల్చడం సులువు. మాది ప్రస్తుతం 6.9. తరువాతి పరీక్ష ఫిబ్రవరి రెండవ వారంలో పడింది. క్యాలెండరులో ఆ తేదీ చూసిన మా శ్రీమతి, దానిలో సగం సంక్రాంతి లెక్కేనని గుర్తించి, ఈసారి అరిసెల పిండి కొలత తగ్గించింది.