మొదటి స్కేట్స్... మణికట్టు జాగ్రత్త!

రీల్ చూడగానే రోలర్ స్కేట్స్ కార్ట్‌లో వేసేశారా? ఒక్క నిమిషం ఆగండి బాస్. ముందు ఎక్కడ తిరుగుతారో తేల్చుకోండి.

కాలనీ రోడ్డు అయితే 78ఏ నుంచి 85ఏ మధ్య మెత్తటి చక్రాలు చూడండి. అంకె పెరిగేకొద్దీ చక్రం గట్టిపడుతుంది. గట్టివి నున్నటి రింక్‌లో దూసుకుపోతాయి కానీ, గరుకు రోడ్డు మీద ఒళ్లంతా అదిరిపోతుంది.

క్వాడా, ఇన్‌లైనా? ముందు రెండు, వెనక రెండు చక్రాలుండే క్వాడ్ మీద ఊరికే నిలబడటం తేలిక. ఒకే వరసలో చక్రాలుండే ఇన్‌లైన్ గతుకుల మీద నయం. మామూలుగా క్వాడ్ బ్రేక్ కాలివేళ్ల వైపు, ఇన్‌లైన్ బ్రేక్ మడమ వైపు ఉంటాయి.

సాయంత్రం పూట, సాక్స్‌తో పాదాన్ని సెంటీమీటర్లలో కొలిచి, బ్రాండ్ చార్ట్‌తో పోల్చుకోండి. మోకాళ్లు వంచినప్పుడు మడమ లేవకూడదు, వేళ్లు ముడుచుకోకూడదు. 'ఒక సైజు పెద్దది తీసుకుందాంలే' అనే స్కూల్ బూట్ల లెక్క ఇక్కడ పనికిరాదు. బూటు వదులైతే అదుపు పోతుంది.

ఏబీఈసీ నంబర్ చూసి ఎక్కువ డబ్బు పోయకండి. అది బేరింగ్ ఎంత కచ్చితంగా తయారైందో చెబుతుందంతే. నేర్చుకునేటప్పుడు ఆ తేడా తెలియదు.

ఆ డబ్బు హెల్మెట్‌కి, మోకాలి, మోచేతి ప్యాడ్లకి, ముఖ్యంగా రిస్ట్ గార్డులకి పెట్టండి. పడబోతే ముందు చేతులే నేలకి ఆనిస్తాం. కీబోర్డు మీద బతికే మనకి మణికట్టు విరిగితే వారాల తరబడి కట్టే. బడ్జెట్ చాలకపోతే స్కేట్స్ వచ్చే నెల జీతంలో కొనుక్కోండి. గార్డులు లేకుండా మాత్రం ఎక్కొద్దు!