పొయ్యి వెలిగించిందెవరు?

కోరుట్లలో మా అక్క కొడుక్కి రాక్ సంగీతం వాళ్ళ జీవిత చరిత్రల పిచ్చి. పెళ్ళికని వెళ్ళి నాలుగు రోజులుంటే, "చిన్నమ్మా, టీవీ ఏం చూస్తవ్, ఇది చదువు" అని ఒకటి నా ఒళ్ళో పడేశాడు. రోలింగ్ స్టోన్స్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ ఆత్మకథ. 2010లో వచ్చింది. ఐదువందల పేజీల పైమాటే! జగిత్యాల తెచ్చుకుని మరీ పూర్తిచేశాను. అబద్ధమెందుకు, గిటారు ఆరు తీగల్లో ఒకటి తీసేసి ఐదింటితో వాయించే కిటుకు చెప్పినచోట, సంగీతం రాని నేను కూడా పొయ్యిమీద పప్పు మరిచిపోయాను.

కానీ 1976 కచేరీల యాత్ర దగ్గర నా మనసు విరిగింది. చిన్న కొడుకు వయసులో ఉన్న మార్లన్‌ను వెంట తిప్పాడు. మత్తుమందులకు బానిసైన తండ్రికి మ్యాపు చూసి దారి చెప్పేది ఆ పసివాడు. ఆ జూన్‌లోనే, తల్లి అనిటా దగ్గరున్న చంటిబిడ్డ కన్నుమూస్తే, తండ్రి ఆ రాత్రి పారిస్‌లో కచేరీ చేశాడు. బిడ్డను వదిలి వెళ్ళినందుకు తనను తాను క్షమించుకోలేనని రాసుకున్నాడు, నిజమే. ఆ తల్లే చెప్పుకుంటే ఎన్ని పేజీలయ్యేదో!

"గొప్ప కళాకారులు అట్లనే ఉంటరు చిన్నమ్మా" అంటాడు మావాడు. ఎందుకుండాలమ్మా? 1962లో జాన్ లెనన్ సింథియాను పెళ్ళాడితే, అభిమానినులు చిన్నబుచ్చుకుంటారని ఆ పెళ్ళిని దాచిపెట్టారు. పెళ్ళాం ఉంటే పాటకు గిరాకీ తగ్గుతుందట! విడాకులయ్యాక 1978లో ఒకసారి, 2005లో మరోసారి ఆవిడే కలం పట్టింది. లెనన్ మీద లావుపాటి పుస్తకాలు చదివేవాళ్ళు ముందు ఆవిడవి చదవాలంటాను నేను.

ఇదంతా దొరల దేశపు గొడవ అనుకోకండి. సిరిసిల్ల వైపు హన్మాజీపేట మిద్దె రాములుగారి ఒగ్గుకథ ఎంత పేరు పొందిందో మీకు తెలుసు. ఆయన 2010లోనే పోయారు. అటువంటి కళాకారుల జీవితాలు రాస్తానని మావాడిప్పుడు బయలుదేరాడు. సంతోషమే. "డోలు, తాళం, ఒగ్గు సంగతి ఎంతైనా రాయి బిడ్డా. మగవాళ్ళు కథ చెప్పడానికి ఊళ్ళు తిరుగుతుంటే బీడీలు చుట్టో, కూలికి పోయో పిల్లల్ని సాకిందెవరో కూడా అడుగు" అన్నాను.

"వాళ్ళేం చెప్తరు చిన్నమ్మా?"

"ఫోన్‌లో రికార్డింగు పెట్టి, నువ్వు నోరు మూసుకుని కూర్చో."