అద్దె ఇంటికీ గడియ కావాలి

అపొస్తలుడైన పౌలు రెండేళ్లపాటు అద్దె ఇంట్లో ఉన్నాడు. రోమా నగరంలో సైనికుడి కాపలాలో ఖైదీగా ఉంటూనే ఆ ఇంటికి వచ్చిన వారందరినీ ఆదరించి దేవుని రాజ్యాన్ని ప్రకటించాడు (అపొ.కా. 28:30,31). సువార్తకు సొంత ఇల్లే అక్కర్లేదన్నమాట! కాని అద్దె ఇల్లు కూడా ఇల్లేనని, అందులో ఉండేవారు కూడా భయం లేకుండా నిద్రపోవాలని మనలో ఎంతమంది ఆలోచిస్తున్నాం?

మన సంఘాల్లో ఇళ్లు అద్దెకిచ్చే వారున్నారు, అద్దెకుండే వారూ ఉన్నారు. ఆదివారం ఇద్దరూ ఒకే ప్రభు బల్లలో పాలుపొందుతారు. సోమవారం ఒకరు తలుపు గడియ బాగుచేయించమంటే, మరొకరు 'ఇష్టముంటే ఉండండి, లేదంటే ఖాళీ చేయండి' అంటారు. పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు ఫ్యాక్టరీలకు పనికి వెళ్లే తల్లులు, టెక్కలిలో చదువుకునే పిల్లలు, డయాలసిస్‌కు దగ్గరగా ఉంటుందని ఉద్దానం పల్లెల నుంచి వచ్చి గది వెతుక్కునే కుటుంబాలు ఈ మాటకు ఎదురు చెప్పలేరు. మరో ఇల్లు దొరకదేమోనన్న భయమే వారి నోరు కట్టేస్తుంది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో గాలులు వీస్తూ పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు నేలకూలాయి. ఆ రోజుల్లో రేకులు ఎగిరిపోయిన అద్దె ఇంటిని వదిలి ఒక కుటుంబం మా దగ్గర తలదాచుకుంది. ఆ నెల అద్దె కూడా ఇచ్చి తీరాలన్నాడు ఆ ఇంటి యజమాని. ఆయన మన విశ్వాసే. సంఘంలో పెద్దమనిషి కదా అని మేము మాట్లాడలేదు. ఆ మౌనం ఈ రోజుకీ మమ్మల్ని గుచ్చుతూనే ఉంది.

కొత్త ఇల్లు కట్టినవాడు పైకప్పుకు పిట్టగోడ కట్టించాలని, ఎవరైనా జారిపడితే ఆ రక్తాపరాధం ఆ ఇంటి మీదే ఉంటుందని ధర్మశాస్త్రం హెచ్చరించింది (ద్వితీ. 22:8). ఇంటి భద్రత దేవుని దృష్టిలో ఆరాధనంత గంభీరమైన విషయమే. అప్పిచ్చినవాడు సైతం తాకట్టు వస్తువు కోసం బీదవాని ఇంట్లో జొరబడకూడదు, బయటే నిలబడాలి (ద్వితీ. 24:10,11). అప్పిచ్చినవాడికే గడప దగ్గర హద్దు ఉంటే, అద్దె తీసుకునేవాడికి ఉండదా? మారుతాళం చెవి దగ్గరుందని, అద్దెకున్నవారు లేనప్పుడు తలుపు తీసే యజమాని ఈ మాట చదవాలి.

దేశ చట్టమూ దీనికి దూరంగా లేదు. యజమాని చేయించాల్సిన మరమ్మతులను, నోటీసిచ్చినా తగిన సమయంలో చేయించకపోతే, అద్దెదారుడే చేయించుకుని ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెబుతోంది. వేరే ఒప్పందం లేనప్పుడు వర్తించే నియమమిది. అందుకే అద్దె, అడ్వాన్సు, మరమ్మతుల మాట కాగితం మీద రాసుకోవడం ఇద్దరికీ క్షేమం.

అద్దెకున్నవారికీ బాధ్యత ఉంది. చేరేముందే గడియలు, కిటికీ చువ్వలు, కరెంటు వైర్లు చూసుకోవాలి. పాత తాళం మార్చుకుంటామని యజమానికి చెప్పాలి. రాత్రి గ్యాస్ సిలిండర్ కట్టేయాలి. క్రిస్మస్‌కో, సభలకో ఊరెళ్తుంటే పక్కింటివారికి, పోలీస్ స్టేషన్‌లో ఒక మాట చెప్పాలి. ఇల్లు తమదే అన్నంత శ్రద్ధగా వాడుకోవాలి. ఇవన్నీ అవిశ్వాసం కాదు. ప్రార్థన చేసి పడుకునేవాడు గడియ కూడా వేసుకుంటాడు.

భూమి నాది, మీరు నా దగ్గర పరదేశులుగా కాపురమున్న వారేనని దేవుడు ఇశ్రాయేలీయులతో అన్నాడు (లేవీ. 25:23). అంటే పట్టా ఎవరి పేరున ఉన్నా మనమంతా ఆయన దగ్గర అద్దెకున్నవాళ్లమే! ఎండా వానా తగలకుండా మనల్ని కాస్తున్న ఆ యజమాని, మనం అద్దెకిచ్చిన గదికి సరైన గడియ ఉందా అని రేపు అడిగితే ఏం చెబుతాం? తుపాను కాలం వచ్చేలోగా ఒకసారి వెళ్లి ఆ తలుపు తట్టి, 'ఇంట్లో ఏమైనా ఇబ్బందిగా ఉందా అమ్మా' అని అడుగుదాం. మేమూ ఈసారి మౌనంగా ఉండబోము.